ట్రాజెడీకి ‘విషాదాంతం’ సరిపోతుందా?

రాజాం నుంచి ఒక ప్రశ్న: మా అమ్మాయి ట్రాజెడీకి తెలుగు మాట ‘విషాదాంతం’ అని రాస్తే, లెక్చరర్ గారు కొట్టేసి ‘దుఃఖాంతం’ అని దిద్దారు. ఏది సరైనది? మాష్టారూ, మీరు చెప్పండి.

విజయనగరం నుంచి జవాబు:

అమ్మా, నా పేచీ రెండింట్లోనూ ఉన్న ‘అంతం’తోనే. గ్రీకు నాటకకర్త సోఫోక్లిస్ రాసిన ఈడిపస్ నాటకమే చూడండి. తండ్రిని చంపడం, తల్లిని పెళ్ళాడటం నాటకం మొదలయ్యేసరికే జరిగిపోయాయి. అవి తన చేతి మీదుగానే జరిగాయని అతనికి తెలియడమే నాటకం. చివర అతను చావడు కూడా, కళ్ళు పొడుచుకుంటాడు. ఇటు భవభూతి ఉత్తరరామచరితం సీతారాములు కలుసుకోవడంతో ముగుస్తుంది. అయినా ‘ఏకో రసః కరుణ ఏవ’ (ఉన్న రసం ఒక్కటే, అది కరుణే) అన్న మాట పుట్టింది ఆ నాటకంలోనే. మూడో అంకంలో సీత పక్కనే ఉన్నా రాముడికి కనిపించదు. ఆ అంకం చదివాక చివరి కలయికను తల్చుకుని ఆ దుఃఖాన్ని తేలిక చేసుకోవడం నావల్ల ఎప్పుడూ కాలేదు.

అంతం తీసేస్తే మిగిలేది విషాదం. ఈ మాట మీద నాకు చాలా ప్రేమ. మనం దీన్ని ఉత్త ‘బాధ’ కింద వాడేస్తున్నాం గానీ, దీని ధాతువు ‘సద్’, అంటే కూర్చోవడం, కుంగడం. గీతలో మొదటి అధ్యాయం పేరు అర్జున విషాద యోగం. అక్కడ అర్జునుడు ‘విషీదన్’, అంటే కుంగిపోతూ మాట్లాడతాడు. అధ్యాయం ముగిసేసరికి విల్లు వదిలేసి రథంలో కూర్చుండిపోతాడు. ధాతువు అర్థం అక్కడ కళ్ళకు కడుతుంది.

నాట్యశాస్త్రం రాసిన భరతుడి లెక్కలో కరుణ రసానికి స్థాయి, అంటే నిలకడగా ఉండే మూల భావం, శోకం. విషాదం 33 సంచారి భావాల్లో, అంటే వచ్చి పోయే భావాల్లో, ఒకటి. మరి సంచారి పేరును ఒక నాటక జాతికే ఎలా పెడతారని ఎవరైనా అడగొచ్చు. విషాదం దేనివల్ల పుడుతుందని నాట్యశాస్త్రం చెప్పిందో చూడండి: తలపెట్టిన పని గట్టెక్కకపోవడం, దైవం ఎదురుతిరగడం. ట్రాజెడీకి ఇంతకన్నా దగ్గరగా ఏం చెప్పాలి? అరిస్టాటిల్ చెప్పిన జాలి, భయం చూసేవాడికి కలిగేవి. ఇది పాత్రలో జరిగేది. విషాదంలో పడిన ఉత్తముడు సాయం కోసం వెతుకుతాడు, ఉపాయం ఆలోచిస్తాడు అని కూడా భరతుడే అన్నాడు. ఈడిపస్ చేసింది అదే కదా, ఊరిని కాపాడాలని హంతకుడి కోసం వెతికీ వెతికీ తన దగ్గరకే వచ్చి ఆగాడు.

ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు తన నాటకానికి ‘విషాద సారంగధర’ అని పేరు పెట్టారు. అందులోనూ ‘అంతం’ లేదు. కాబట్టి నా ఓటు ‘విషాద నాటకం’కి. పిల్ల రాసినదాన్ని మాత్రం తప్పు అని కొట్టేయకూడదు. ‘విషాదాంతం’ వాడుకలో స్థిరపడిన మాటే.

బొబ్బిలి నుంచి ఒకరు: మాష్టారూ, మా బొబ్బిలి కథ సంగతేంటి? 1757లో కోట పడిపోయిందని పుట్టినప్పటి నుంచీ వింటున్నాం. బుర్రకథ పెడితే మళ్ళీ వెళ్ళి మళ్ళీ ఏడుస్తాం.

జవాబు: అదే బాబూ నేను చెబుతున్నది. ముగింపు తెలిసినా ఏడుపు ఆగదు, ఎందుకంటే మనం ఏడ్చేది ముగింపుకి కాదు. రాజాంలో ఉన్న తాండ్ర పాపారాయుడు వచ్చేసరికి కోటలో అంతా అయిపోయింది. ఆ తర్వాత అతను విజయనగరం రాజు విజయరామరాజును చంపి పగ తీర్చుకున్నాడు, కానీ కాపాడాలని వచ్చిన పని గట్టెక్కలేదు. మా నాయనమ్మ ఆ ఘట్టం చెబుతూ ‘అది సూసి సతికిలబడిపోనాడు’ అనేది. ఆవిడకు సంస్కృతం రాదు. కానీ ఆ మాట ‘విషీదన్’కి సరిగ్గా అచ్చ తెలుగు. చతికిలబడటం అంటే ఇప్పుడు అందరూ పరీక్షల్లోనో ఎన్నికల్లోనో ఓడిపోవడం అనుకుంటున్నారు. ఆవిడ నోట అది కాళ్ళలో సత్తువ పోయి నేల మీద కూలబడటం.

మన ఊళ్ళోనే ఉండి రాసిన గురజాడ వారి పూర్ణమ్మ కూడా గుర్తొస్తోంది. ‘చనిపోయింది’ అన్న మాటే వాడకుండా ‘దుర్గను జేరెను పూర్ణమ్మ’ అని ఆపేశారు. అదీ అంతమే, కానీ ఆ గేయంలో మనల్ని కుంగదీసేది అంతకుముందు ఆ పిల్ల అన్నదమ్ములతో చెప్పుకున్న మాటలు.

‘సతికిలబడటం’ ఈ పాత అర్థంలో నరసన్నపేట, టెక్కలి వైపు ఇంకా వినిపిస్తోందా? విన్నవాళ్ళు ఏ సందర్భంలో విన్నారో వాక్యంతో సహా రాయండి.