నవోదయ ఎంబెడెడ్ ఫిగర్స్: నేర్పితే వస్తాయా, పుట్టుకతో రావాలా?

నవోదయ_అమ్మ:
మా బాబు అయిదో తరగతి. నవోదయకు ప్రిపేర్ అవుతున్నాడు. మెంటల్ ఎబిలిటీలో మిగతావన్నీ చేస్తున్నాడు కానీ ఎంబెడెడ్ ఫిగర్స్ దగ్గర ఆగిపోతున్నాడు. చిన్న పటం ఇచ్చి, అది నాలుగు జవాబు పటాల్లో దేంట్లో దాగి ఉందో కనుక్కోమంటారు కదా, అవి. "ఇది పుట్టుకతో వచ్చే చూపమ్మా, నేర్పితే రాదు. ఆ నాలుగు బిట్లూ వదిలేయమనండి" అన్నారు కోచింగ్ సార్, వాడి ఎదురుగానే. అప్పట్నుంచి ఆ పేజీ తీస్తే చాలు వాడికి టెన్షన్. నిజంగానే నేర్పితే రాదా?

ప్రిలిమ్స్_బ్యాచ్:
కారణం ఏదైనా, సలహా మాత్రం సబబే మేడం. 40 బిట్లకు 60 నిమిషాలు, అంటే బిట్టుకు నిమిషంన్నర. గీతల్లో వెతుకుతూ కూర్చుంటే ఒక్క బిట్టే మూడు నిమిషాలు తినేస్తుంది. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి చివర్లో ఏదో ఒక బబుల్ నింపేయమనండి. నేను ఎస్సెస్సీకి (పదో తరగతి కాదు, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష) చదువుతున్నాను, మాకు తప్పు రాస్తే అర మార్కు పోతుంది. అక్కడ కూడా వెంటనే కనపడని బిట్టు జోలికి వెళ్లను.

ప్రైమరీ_పంతులు:
నాలుగు బిట్లంటే 5 మార్కులు తమ్ముడూ. ఒక నవోదయలో ఆరో తరగతికి గరిష్ఠంగా 80 సీట్లు. అక్కడ 5 మార్కులు వదిలేయమనడం అంటే పోటీకి ముందే పిల్లాణ్ని వెనక్కి లాగడమే.

ఒక బిట్టు తీసుకుందాం. మూడు వరసలు, వరసకు మూడు చుక్కలు. పై ఎడమ చుక్క నుంచి కింది ఎడమకు, అక్కడి నుంచి కింది కుడికి, అక్కడి నుంచి ఏటవాలుగా మళ్లీ పై ఎడమకు గీస్తే త్రిభుజం వచ్చింది. నడి చుక్క నుంచి నిటారుగా పైకి ఒక తోక. ఇదీ ప్రశ్న పటం. జవాబు పటాలు నాలుగూ చతురస్రాలే. 'ఎ'లో పైకి తోక ఉంది కానీ ఏటవాలు గీత ఒక్కటే, అదీ ఎదురు దిక్కుకు ఉంది. 'బి'లో రెండు కర్ణాలూ ఉన్నాయి, తోక లేదు. 'సి'లో సరైన కర్ణమే ఉంది, తోక మాత్రం కిందికి. 'డి'లో రెండు కర్ణాలు, నిలువు గీత, అడ్డ గీత, మొత్తం ఎనిమిది ముక్కలు.

పిల్లలు ఎక్కువగా 'బి' పెడతారు. త్రిభుజం కొట్టొచ్చినట్టు కనపడుతుంది కదా, తోక మర్చిపోతారు. 'డి' వైపు చూడనే చూడరు, అన్ని గీతలు చూసి బెదిరిపోతారు. నేను చెప్పేది ఒక్కటే: ముందు తోక పట్టుకోండి. పైకి తోక లేదు కాబట్టి 'బి', 'సి' పోయాయి. ఇక కర్ణం దిక్కు చూడండి, 'ఎ' పోయింది. మిగిలింది 'డి'. గీతలు ఎక్కువ ఉంటే ఫర్వాలేదు, కావాల్సినది ఒక్కటి తగ్గినా అది జవాబు కాదు. ఇందులో పుట్టుకతో రావాల్సిన చూపు ఎక్కడుంది?

సైకాలజీ_పీజీ:
కోచింగ్ సార్ మాటకు ఆధారం బొత్తిగా లేకపోలేదండీ. ఇలాంటి పటాలతో 1926లోనే జర్మన్ మనస్తత్వవేత్త కుర్ట్ గాట్‌షాల్ట్ ప్రయోగం చేశారు. చిన్న పటాన్ని కొందరికి 3 సార్లు, ఇంకొందరికి ఏకంగా 520 సార్లు చూపించారు. తర్వాత అది దాగి ఉన్న పెద్ద పటం ఇస్తే రెండు గుంపుల మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు. 1950లో అమెరికాలో హెర్మన్ విట్కిన్ ఎంబెడెడ్ ఫిగర్స్ టెస్ట్ తయారుచేశారు. చుట్టూ ఉన్నదాని నుంచి ఒక భాగాన్ని విడదీసి చూడగలగడం మనిషి మనిషికీ మారే స్వభావం అని ఆయన అభిప్రాయం.

ప్రైమరీ_పంతులు:
మేడం, ఆ 520 సార్లు చూసినవాళ్లను పెద్ద పటంలో చిన్నదాన్ని వెతకమన్నారా?

సైకాలజీ_పీజీ:
లేదండీ. పెద్ద పటాన్ని చూసి వర్ణించమన్నారు, అంతే.

ప్రైమరీ_పంతులు:
మరి అది మా గొడవకు ఎలా సాక్ష్యం అవుతుంది? ఊరికే చూడటం వేరు, ఇది కావాలని వెతకడం వేరు. నిజానికి ఆ ప్రయోగం మోడల్ పేపర్లు గుట్టలుగా చేయించే కోచింగులకే చెంపపెట్టు. పటాలు వందల కొద్దీ కళ్ల ముందు తిప్పినంత మాత్రాన రాదు. ఏది ముందు వెతకాలో చెప్పాలి.

సైకాలజీ_పీజీ:
అది ఒప్పుకుంటాను. ఇంకో మాట కూడా చెప్పాలి. 1960ల్లో మనస్తత్వవేత్త జాన్ బెర్రీ ఈ పరీక్షను ఆర్కిటిక్‌లోని ఇనూయిట్ జనాలకు, ఆఫ్రికాలో సియెర్రా లియోన్ దేశంలోని టెమ్నే జనాలకు పెట్టి చూశారు. ఇనూయిట్లు బాగా ముందున్నారు. ఎటు చూసినా ఒకేలా కనిపించే మంచులో వేటాడే జీవితం, పిల్లలను పెంచే తీరు దీనికి కారణాలని ఆయన వాదన. అంటే పెరిగిన పరిసరాల పాత్ర కూడా ఉంది. ఇక 1983లో షా, ఫ్రిత్ అనే పరిశోధకులు చేసిన అధ్యయనంలో ఆటిజం ఉన్న పిల్లలు ఇందులో మిగతా పిల్లలకంటే మెరుగ్గా చేశారు. కాబట్టి ఈ బిట్లు రానంత మాత్రాన పిల్లాడికి తెలివి తక్కువని ఎవరూ అనడానికి లేదు. వాడి ఎదురుగా ఆ మాట అనడం నాకు చాలా బాధగా అనిపించింది.

ప్రిలిమ్స్_బ్యాచ్:
సరే మాస్టారూ, నేర్పితే వస్తుందనే అనుకుందాం. చిన్న పటాన్ని బటర్ పేపర్ మీద గీయించి, దాన్ని జవాబు పటాల మీద పెట్టి చూసే అలవాటు మాత్రం వద్దు. హాల్లో బటర్ పేపర్ ఉండదు. మాకైతే స్క్రీన్ మీద పరీక్ష, పటం మీద పెన్సిల్ కూడా పెట్టలేం.

ప్రైమరీ_పంతులు:
బటర్ పేపర్ మొదటి వారానికే. తన జవాబు ఎందుకు తప్పో పిల్లాడు తన కళ్లతో చూడాలి, ఆ తర్వాత తీసేయాలి. దానికంటే నాకు బాగా పనికొచ్చింది ముగ్గు చుక్కలు. చుక్కల కాగితం మీద పిల్లాణ్నే ఒక చిన్న పటం గీయమంటాను. తర్వాత దాని గీతలను మూలలు దాటేలా పొడిగించి, అడ్డంగా ఇంకొన్ని గీసి, పక్కవాడు కనుక్కోలేకుండా దాచమంటాను. ఆ పని చేస్తుంటే మూల దాటి వెళ్లిన గీత ఎలా మోసం చేస్తుందో వాడికే తెలిసిపోతుంది. టైం మాట నిజమే తమ్ముడూ. పరీక్షలో నిమిషంన్నర దాటితే ముందుకెళ్లమనే నేనూ చెబుతాను. వదిలేయడం, తర్వాత తిరిగి రావడం ఒకటి కాదు కదా.

నవోదయ_అమ్మ:
చాలా థ్యాంక్స్ మాస్టారూ. ఒక్క సందేహం. మా వాడు పేపర్ తిప్పి తిప్పి చూస్తాడు. కోచింగ్‌లో అలా చేయొద్దని తిట్టారట. మాన్పించాలా?

ప్రిలిమ్స్_బ్యాచ్:
ఎస్సెస్సీ ప్రశ్నల్లో పటాన్ని తిప్పకూడదని రాసే ఉంటుంది మేడం.

ప్రైమరీ_పంతులు:
అది వేరే సంగతి. జవాబు పటాన్ని మాత్రమే మనసులో తిప్పి "సరిపోయింది" అనుకుంటే తప్పు. పేజీ మొత్తం తిప్పితే ప్రశ్న పటం, జవాబు పటాలు అన్నీ కలిసే తిరుగుతాయి, దిక్కులేమీ మారవు. పైగా ఇల్లులా, నక్షత్రంలా కనిపిస్తున్న బొమ్మ తలకిందులైతే విడి గీతలుగా కనపడుతుంది. మీ వాణ్ని తిప్పుకోనివ్వండమ్మా.