ఆగే మెరీనా పోయింది, డీజిల్, రాత్రి మజిలీ ఎలా?

ప్రశ్న: అమెరికాలోని ఫ్లోరిడాలో టాంపా నుంచి కీ వెస్ట్‌కు పడవలో వెళ్లే దారిలో ఎప్పుడూ ఆగే మెరీనా (పడవలు నిలిపే రేవు) ఇయాన్ తుఫానుకు (2022 సెప్టెంబర్ 28) పాడై, ఇంకా తెరవలేదు. ఎలా సర్దుకోవాలండీ?

జవాబు 1: ముందు డీజిల్ లెక్క. మూడో వంతు వెళ్లడానికి, మూడో వంతు తిరిగి రావడానికి, మిగతాది ముట్టుకోకండి. ఎదురుగాలికి ఖర్చు పెరుగుతుంది. తర్వాతి డాక్‌కు ఫోన్ చేసి పంపు పనిచేస్తోందా, లోతెంత అని అడగండి. తుఫాను ఇసుక మేటలు వేస్తుంది, పాత చార్టును (లోతులు చూపే సముద్ర పటాన్ని) నమ్మొద్దు.

జవాబు 2: రాత్రికి కాయో కోస్టా దీవి దగ్గర పెలికన్ బే నిజంగా మంచి చోటు. ప్రవేశం దగ్గర లోతు తక్కువ, అందుకే పోటు మీదే వెళ్లండి. లోతు 2 మీటర్లు, పోటు 1, పడవ ముక్కు ఎత్తు 1 అయితే, ఆ 4కి ఏడు రెట్లు, 28 మీటర్ల లంగరు తాడు వదలండి. తగ్గిస్తే లంగరు పట్టు వదిలి పడవ జారిపోతుంది.

ప్రశ్న: మంచినీళ్లు?

జవాబు 2: తాగడానికే మనిషికి రోజుకు 4 లీటర్లు వెంట తీసుకెళ్లండి.