ఓపెన్ సోర్స్ (కోడు అందరికీ తెరిచి ఉండే సాఫ్ట్‌వేర్) ద్వారా సిస్టమ్ అడ్మిన్ (సర్వర్లను చూసుకునే) ఉద్యోగంలోకి వచ్చినవారు మీ అనుభవాలు చెప్పగలరా?

కొత్తచిగురు:
అందరికీ నమస్కారం. నేను బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తిచేసి, అమీర్‌పేటలో మూడు నెలల లినక్స్ కోర్సు చదివి, ప్రస్తుతం హైదరాబాదులో ఒక హెల్ప్‌డెస్క్‌లో పొద్దస్తమానం పాస్‌వర్డులు మార్చి ఇచ్చే పని చేస్తున్నాను. అడ్మిన్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టిన ప్రతిచోటా రెండేళ్ల అనుభవం అడుగుతున్నారు. ఎవరూ సర్వరును చేతికి ఇవ్వనప్పుడు ఆ అనుభవం ఎక్కడినుంచి రావాలో నాకు అంతుపట్టడం లేదు. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో చేరమని ఒక సీనియరు సలహా ఇచ్చారు గాని, నాకు ప్రోగ్రామింగ్ అంతంతమాత్రమే. ఈ దారిన వచ్చినవారు ఎక్కడ మొదలుపెట్టారో వివరంగా చెప్పగలరు.

రచ్చబండ వాసి:
నేను తెలుగు వికీపీడియా నుంచి వచ్చాను. వ్యాసాలు రాస్తూ రాస్తూ సర్వర్ల వైపు మళ్లినవాణ్ణి. వికీపీడియాను నడిపే వికీమీడియా సంస్థ తన సర్వర్లను పప్పెట్ అనే పనిముట్టుతో అమర్చే కోడు, వికీల కాన్ఫిగరేషన్ (సెట్టింగులు) చాలావరకు బహిరంగంగానే ఉంటాయి. ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు, మార్పును గెరిట్ అనే కోడు సమీక్షా సైటులో ప్రతిపాదించవచ్చు. తెవికీలో (తెలుగు వికీపీడియాలో) ఒక చిన్న సెట్టింగు మార్చవలసి వచ్చినప్పుడు, ముందు అక్కడి చర్చాపేజీ అయిన రచ్చబండలో చర్చ పెట్టి, సభ్యుల అంగీకారం తీసుకుని, ఆ చర్చ లింకుతో ఫ్యాబ్రికేటర్ అనే టికెట్ల సైటులో అభ్యర్థన నమోదు చేసి, ఆ తరువాత రెండు లైన్ల ప్యాచ్ (కోడు మార్పు) పంపాను. ట్యాబులు ఉండవలసిన చోట స్పేసులు పెట్టానని సమీక్షకుడు మైనస్ ఒకటి (అభ్యంతరం) ఇచ్చాడు. దిద్ది మళ్లీ పంపితే, ఫలానా సమయానికి ఐఆర్‌సీ చాట్‌లో హాజరుగా ఉండమన్నారు. అది మనకు అర్ధరాత్రి దాటిన వేళ. మార్పును మొదట ఒక పరీక్షా సర్వరులో మాత్రమే పెట్టి, నా బ్రౌజరు నుంచి చూసి చెప్పమన్నారు. సరిగ్గానే ఉందని నేను రాసిన తరువాతే మిగతా సర్వర్లన్నిటికీ పంపారు. రెండు లైన్లకు తొమ్మిది రోజులు పట్టింది. ఒక మార్పు ఎవరి అనుమతితో, ఏ వరుసలో, ఎలా వెనక్కి తీసుకునే వీలుతో వెళుతుందో ఆ తొమ్మిది రోజుల్లో చూశాను. తరువాత ఇంటర్వ్యూలో మాట్లాడింది కూడా ఎక్కువగా దాని గురించే.

రాత్రి షిఫ్టు:
నేను బెంగళూరులో ఆరేళ్లుగా అభ్యర్థులను ఇంటర్వ్యూ చేస్తున్నాను కాబట్టి అవతలి పక్క నుంచి చెబుతాను. రీడ్‌మీ (ప్రాజెక్టు పరిచయ) ఫైళ్లలో అక్షరదోషాలు దిద్దిన నూరు ప్యాచులు చూపిస్తే నేను మర్యాదకు తలూపుతాను, అంతే. కడప నుంచి వచ్చిన ఒక అమ్మాయి, తమ ఊరి ఫ్రీ సాఫ్ట్‌వేర్ బృందం కోసం ఒక పాత డెస్క్‌టాపు మీద లినక్స్ మిర్రర్ (డౌన్‌లోడ్ ఫైళ్ల నకలు ఉంచే సర్వరు) నడిపిన సంగతి చెప్పింది. ఒకరోజు డిస్కు నూరు శాతం నిండిందని డిస్కులో ఎంత జాగా ఉందో చెప్పే డీఎఫ్ కమాండు చూపిస్తోందట. ఫైళ్ల పరిమాణం లెక్కించే డీయూతో ఫోల్డర్లన్నీ కూడితే మాత్రం సగం కూడా తేలడం లేదట. ముందురోజు ఎవరో పెద్ద లాగ్ ఫైలును (సర్వరు జరిగినవన్నీ రాసుకునే ఫైలును) తొలగించారు గాని, వెబ్ సర్వరు ఇంకా దాన్ని తెరిచి పట్టుకునే ఉంది. ఆ ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాము) వదిలేదాకా ఆ జాగా ఖాళీ కాదు. తెరిచి ఉన్న ఫైళ్లను చూపే ఎల్ఎస్ఓఎఫ్‌తో ఆ ఫైలును పట్టుకుని, సర్వీసును రీస్టార్ట్ చేసి, మరునాడు పాత లాగ్‌లను ఎప్పటికప్పుడు తీసివేసే లాగ్‌రొటేట్ సరిగ్గా అమర్చి, జరిగినదంతా బృందం వికీలో ఒక పేజీగా రాసిపెట్టింది. నేను ఆ పేజీ చదివాను. ఏ సమయానికి ఏం గమనించిందో, ఏది తప్పుగా ఊహించిందో కూడా అందులో ఉంది. తక్కిన ప్రశ్నలు అడిగాను గాని, నా మనసులో నిర్ణయం అప్పటికే అయిపోయింది.

మొగమాటం లేని మనిషి:
పై ఇద్దరికీ నా గౌరవం. కాని ఇంటికి డబ్బు పంపవలసిన కుర్రవాడికి అర్ధరాత్రి ఐఆర్‌సీ ఎంత సాధ్యమో కూడా ఆలోచించాలి. జీతం లేని పని ఆరు నెలల్లో ఉద్యోగం తెస్తుందని ఆశపెట్టకండి. నాకు రెండేళ్లు పట్టింది. ఇంకొక సంగతి. 2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ (ఫైళ్లను కుదించే సాఫ్ట్‌వేర్) ఉదంతంలో, దాదాపు ఒక్కడే నెట్టుకొస్తున్న స్వచ్ఛంద నిర్వాహకుడి దగ్గర ఒక అజ్ఞాతవ్యక్తి రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి, ఆపైన 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టాడు. ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వరులోకి వెళ్లే పద్ధతి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపరు తవ్వి చూడబట్టి అది దొరికింది. అటువంటి అనుభవం తరువాత కొత్తవారికి అధికారాలు ఇవ్వడంలో ప్రాజెక్టులు ఆచితూచి అడుగేస్తే దాన్ని అవమానంగా తీసుకోకూడదు.

పెన్నా తీరం:
అధికారాల మాట వచ్చింది కాబట్టి: ఫెడోరా (ఒక లినక్స్ రకం) సర్వర్లను చూసే ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ బృందంలో అప్రెంటిస్ అనే ఏర్పాటు ఉంది. ఆ గుంపులో చేర్చుకున్నవారికి చాలా సర్వర్లలోకి లాగిన్ ఇస్తారు గాని, సుడో (అడ్మిన్ అధికారం) ఉండదు. చూడగలరు, చదవగలరు, దేన్నీ మార్చలేరు. మార్పులను అన్సిబుల్ ప్లేబుక్కులకు (సర్వర్లను అమర్చే స్క్రిప్టులకు) ప్యాచులుగా పంపాలి. కొత్తచిగురు గారూ, ప్రోగ్రామింగ్ అంతంతమాత్రమని మీరు బెంగపెట్టుకోనవసరం లేదు. యామల్ (ఆ ప్లేబుక్కులు రాసే రూపం) ఫైలు చదవడం, చిన్న షెల్ స్క్రిప్టు రాయడం వస్తే మొదటి ఏడాదికి అది చాలు. నేను మొదటి రెండు నెలలు నోరు మెదపకుండా వారపు సమావేశాల చర్చలూ పాత టికెట్లూ చదివాను. ఒక సర్వీసు పడిపోయినప్పుడు అనుభవజ్ఞులు మొదట ఏ లాగ్ తెరుస్తారో చూడడానికి అంతకన్నా మంచి చోటు నాకు దొరకలేదు.

కొత్తచిగురు:
అందరికీ కృతజ్ఞతలు. ఐదు వారాల తరువాత తిరిగి రాస్తున్నాను. ఆదివారాలు మాత్రమే వీలవుతోంది కాబట్టి, నా ల్యాప్‌టాపులో ఒక వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటరు లోపల సాఫ్ట్‌వేరుతో నడిచే మరో కంప్యూటరులో) డెబియన్ అనే లినక్స్ పెట్టుకుని, పాత వెర్షన్ నుంచి కొత్తదానికి అప్‌గ్రేడ్ చేశాను. ఒక సర్వీసు మొదలవకుండా ఆగిపోతే, రిపోర్ట్‌బగ్ పనిముట్టుతో బగ్గు నమోదు చేశాను. రెండు రోజుల్లో ప్యాకేజీ నిర్వాహకుడు దానికి మోర్‌ఇన్ఫో (మరింత సమాచారం కావాలి) ట్యాగు తగిలించి, కొత్త మెషీన్‌లో కూడా ఇలాగే జరుగుతోందా అని ఒక్క వాక్యం రాశారు. చూస్తే కొత్తదానిలో జరగలేదు. అప్‌గ్రేడ్ సమయంలో నేను మార్చిన పాత కాన్ఫిగరేషన్ ఫైలును ఉంచాలా, ప్యాకేజీతో వచ్చిన కొత్తదాన్ని పెట్టాలా అని అడిగినప్పుడు చదవకుండా ఎంటర్ నొక్కాను. నొక్కితే పాతదే ఉండిపోతుంది. అందులోని ఒక ఆప్షను కొత్త వెర్షన్‌లో లేదు. తప్పు నాదేనని వివరంగా రాసి, బగ్గు నంబరుకు డన్ చేర్చిన చిరునామాకు మెయిలు పంపి, నా మొదటి బగ్గును నేనే మూసివేశాను. కొంచెం సిగ్గుగా ఉంది.

రాత్రి షిఫ్టు:
ఆ బగ్గు లింకును రెజ్యూమెలో పెట్టండి. మూసివేసినదని దాచనవసరం లేదు. నేనైతే అది ఎందుకు మూశారో చదవడానికే ఆ లింకు తెరుస్తాను.

మొగమాటం లేని మనిషి:
ఈసారి నేనూ ఆయనతో ఏకీభవిస్తున్నాను. ఇక వచ్చే అప్‌గ్రేడ్‌కు ముందు ఆ వర్చువల్ మెషీన్‌కు స్నాప్‌షాట్ (వెనక్కి వెళ్లగలిగే నకలు) తీసుకోండి.