చెవి ఆపరేషన్‌కు ముందు రక్తస్రావం తగ్గించే ఇంజెక్షన్ అందరికీ ఇవ్వాలా?

మిర్యాలగూడ నుంచి, రోగి కుమారుడు:
మా అమ్మకు ఏళ్లుగా చెవిలో చీము, కర్ణభేరికి రంధ్రం. నల్లగొండలో ఆపరేషన్ చేస్తామన్నారు. ముందుగా రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ ఇంజెక్షన్ ఇస్తారట. ఆమెకు షుగర్ ఉంది, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా ఎక్కువే. చెవిలో పోయే కాస్త రక్తానికి ఈ మందు అవసరమా?

చెవి డాక్టర్, మహబూబ్‌నగర్:
అవసరమే. మైక్రోస్కోపు కింద ఒక్క చుక్క రక్తం చేరినా చెవి లోపలి చిన్న స్టేపిస్ ఎముక కనిపించదు, ముఖ నరం పక్కనే ఉంటుంది. ఎండోస్కోపుతో చేస్తే ఒక చేయి దాన్ని పట్టుకోవడానికే సరిపోతుంది. రెండో చేతిలో రక్తం పీల్చే సక్షన్ గొట్టం ఉంటే ఇక పరికరం పట్టేదెలా? నేనైతే అందరికీ ఇప్పిస్తాను.

మత్తు డాక్టర్, నల్లగొండ:
మీ ఇబ్బంది నాకు తెలుసు సార్. ‘అందరికీ’ అన్న దగ్గరే నా అభ్యంతరం. ఈ మందు రక్తనాళాలను బిగించదు, కట్టిన గడ్డను త్వరగా కరగనివ్వదు, అంతే. రక్తనాళాలను బిగించే అడ్రినలిన్ కలిపిన లిగ్నోకైన్ (తిమ్మిరి మందు), తలవైపు కాస్త ఎత్తు, నిలకడైన బీపీ: ముందు ఇవి సరిగా చేద్దాం. గుండె జబ్బుల ముప్పున్న 9,535 మందిపై ఈ మందుతో జరిపిన పాయిజ్-3 పరిశోధన 2022లో వచ్చింది. చెవికి సంబంధించినది కాకపోయినా పట్టించుకోవలసిందే. తీవ్ర రక్తస్రావం మందు ఇవ్వనివారిలో 11.7 శాతం ఉంటే, ఇచ్చినవారిలో 9.1 శాతమే. గుండె, రక్తనాళాల విషయంలో మాత్రం మందు సురక్షితమని తేల్చలేకపోయారు. పైగా ఇది మూత్రపిండాల ద్వారానే బయటికి పోతుంది. ఈ అమ్మకు మామూలు మోతాదు ఇస్తే ఒంట్లో పేరుకుంటుంది, మరీ ఎక్కువైతే ఫిట్స్ రావచ్చు.

చెవి డాక్టర్, మహబూబ్‌నగర్:
మరి రక్తం తగ్గాలని బీపీ బాగా దించితే ఆ మూత్రపిండాలకే దెబ్బ కదా మేడమ్? దానికంటే తగ్గించిన మోతాదు మేలు.

మత్తు డాక్టర్, నల్లగొండ:
నిజమే, ఈమెకు బీపీ దించకూడదు. నేను నిలకడగా ఉంచాలన్నానే తప్ప దించమనలేదు. అడ్రినలిన్‌తో పని జరగకపోతే అప్పుడు తగ్గించిన మోతాదు ఇద్దాం, అందుకు నేనూ సిద్ధమే. ముందే అందరికీ ఎక్కించడాన్ని మాత్రం ఒప్పుకోను.

బాబూ, అమ్మ క్రియాటినిన్ రిపోర్టు, వాడే మాత్రల చీటీ ఆమెకు మత్తిచ్చే డాక్టర్‌కు ముందే చూపించండి. స్టెంట్ వేశారా, కాలిలో గానీ ఊపిరితిత్తుల్లో గానీ ఎప్పుడైనా రక్తం గడ్డకట్టిందా, ఫిట్స్ వచ్చాయా, అన్నీ చెప్పండి. రక్తం పలచబరిచే మాత్రలుంటే డాక్టర్ చెప్పకుండా ఆపవద్దు.