1,72,000 మైళ్ళు తిరిగిన అకార్డ్: గేర్‌బాక్స్ ఆయిల్ మార్చాలా, ముట్టుకోకుండా వదిలేయాలా?

ఖమ్మం కుర్రాడు (డాలస్):

అందరికీ నమస్తే. నాది 2009 హోండా అకార్డ్, నాలుగు సిలిండర్లది, ఆటోమేటిక్. ఎమ్మెస్ చదివేటప్పుడు సీనియర్ దగ్గర కొన్నాను. అప్పటికి 1,18,000 మైళ్ళు ఉన్నాయి, ఇప్పుడు 1,72,000, అంటే మన లెక్కలో దాదాపు 2,77,000 కిలోమీటర్లు. ఇంజన్ ఆయిల్ టైముకి మార్పిస్తూనే ఉన్నాను కానీ గేర్‌బాక్స్ ఆయిల్ నా చేతికొచ్చాక ఒక్కసారి కూడా మార్చలేదు. సీనియర్‌ని అడిగితే "అది లైఫ్‌టైమ్ ఆయిల్ రా, దాని జోలికి పోకు" అన్నాడు. ఎవరి లైఫ్‌టైమో చెప్పలేదు.

మొన్న ఆయిల్ చేంజ్‌కి వెళితే అక్కడి అతను గేర్‌బాక్స్ ఆయిల్ చూసే రాడ్ తీసి టిష్యూ మీద రాసి చూపించాడు. "చూడు, నల్లబడిపోయింది, ఇవాళే ఫ్లష్ చేయించు, 190 డాలర్లు" అన్నాడు. ఫ్లష్ అంటే యంత్రంతో పాత ఆయిల్‌ని తోసేసి కొత్తది నింపడమట. ఆలోచించుకుంటానని వచ్చేసి మా ఇంటి దగ్గర ఇంకో మెకానిక్‌ని అడిగితే ఆయన నవ్వాడు. లక్షన్నర దాటిన బండికి కొత్త ఆయిల్ పోస్తే నెల తిరక్కుండా గేర్‌బాక్స్ కూర్చుంటుంది, నడిచినన్నాళ్ళు నడుపుకో అన్నాడు. ఇద్దరూ ఇదే పని చేసి బతికేవాళ్ళు, ఇద్దరూ చెప్పింది పూర్తిగా ఎదురుబొదురు.

బండి బాగానే నడుస్తోంది, గేర్లు జారడం, కుదుపులు ఏమీ లేవు. ఒక్కటే, చలిగా ఉన్న పొద్దున రివర్స్ వేస్తే ఒక క్షణం ఆలోచించి అందుకుంటుంది. అది మొదటినుంచీ ఉందో, ఇప్పుడు భయంతో చెవులు రిక్కించి వింటున్నాను కాబట్టి అనిపిస్తోందో తెలియదు. వచ్చే నెల అమ్మానాన్న వస్తున్నారు, హ్యూస్టన్ దగ్గర పేర్‌ల్యాండ్ మీనాక్షి గుడికి తీసుకెళ్తానని మాటిచ్చాను. ఐ-45 హైవే మీద మధ్యలో ఆగిపోతే నాన్న జన్మంతా వినిపిస్తాడు. బండి విలువే మూడు నాలుగు వేలు ఉంటుంది, గేర్‌బాక్స్ పోతే బండి పోయినట్టే. ఏం చేయమంటారు?

బందరు బాబు:

బ్రో, ముట్టుకోకు. మా కజిన్ వ్యాన్ లక్షా అరవై వేల దగ్గర ఇలాగే ఫ్లష్ చేయించాడు, మూడు వారాల్లో హైవే మీద ఇంజన్ అరుస్తోంది, బండి కదలడం లేదు. పాత ఆయిల్‌లో క్లచ్ పొడి కలిసి ఉంటుంది, ఆ పొడి వల్లే ప్లేట్లు పట్టుకుంటాయి. శుభ్రమైన ఆయిల్ పోస్తే జారిపోతాయి. పనిచేస్తున్న దాన్ని గెలకకూడదని మా నాన్న ఊరికే అనలేదు.

స్పానర్ శాస్త్రి (డెట్రాయిట్ దగ్గర):

బాబు గారూ, ఒక్క ప్రశ్న. మీ కజిన్ అసలు ఆ ఆయిల్ ఎందుకు మార్పించాడు? లక్షా అరవై వేలు పట్టించుకోని మనిషికి ఆ రోజే ఎందుకు గుర్తొచ్చింది? ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి, తర్వాత మాట్లాడుకుందాం.

ఖమ్మం తమ్ముడూ, నేను మెకానిక్‌ని కాదు, మెకానికల్ చదివి ఆఫీసులో కూర్చునేవాణ్ణి. కానీ గత పదేళ్ళుగా మా ఇంట్లోవీ స్నేహితులవీ కలిపి చాలా బండ్లకి గేర్‌బాక్స్ ఆయిల్ నా గ్యారేజీలోనే మార్చాను, అందులో మీ అకార్డ్ తరంవి రెండు. కాస్త పొడుగ్గా చెప్తాను, ఓపిక పట్టు.

ఆటోమేటిక్‌లో ఆయిల్ చేసే పని ఇంజన్‌లో లాంటిది కాదు. ఇంజన్ తిప్పే శక్తిని, ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్‌లో చక్రాల వైపు మోసేది ఆ ఆయిలే, గేరు మారేటప్పుడు క్లచ్ ప్లేట్లను ఒత్తిపట్టేది ఆ ఆయిల్ ప్రెషరే, లోపలి వేడిని బయటికి తెచ్చేది కూడా అదే. క్లచ్ ప్లేట్లు ఎప్పుడూ ఆయిల్‌లో మునిగే ఉంటాయి. ఎంత జారాలి, ఎక్కడ గట్టిగా పట్టుకోవాలి అనేది ఆయిల్‌లో కలిపిన మందుల మీద ఆధారపడుతుంది, ఆ మందులు వేడికి, వాడకానికి అరిగిపోతాయి. టెక్సస్ ఎండలో, ట్రాఫిక్‌లో ఆగుతూ సాగుతూ నడిచే బండికి లైఫ్‌టైమ్ అనే మాట నేను నమ్మను. మీ బండి కూడా నమ్మదు. డ్యాష్ మీద బి13 లాంటి కోడ్ వస్తుంది చూడు, దాని చివరి 3 అంటే గేర్‌బాక్స్ ఆయిల్ మార్చమనే. చాలా షాపుల్లో ఇంజన్ ఆయిల్ మార్చేసి మొత్తం రీసెట్ కొట్టేస్తారు, దాంతో 3 సంగతి గాల్లో కలిసిపోతుంది.

ఇక క్లచ్ పొడి కథ. అందులో రవ్వంత నిజం లేకపోలేదు. ప్లేట్లు పూర్తిగా అరిగిపోయి, చావుకి సిద్ధంగా ఉన్న గేర్‌బాక్స్‌లో కొత్త ఆయిల్ పోస్తే అప్పటిదాకా ఎలాగో ఈడుస్తున్నది బయటపడొచ్చు. కానీ అది ఆయిల్ చేసిన పాపం కాదు. జనం సాధారణంగా ఎప్పుడు మారుస్తారు? గేర్లు జారడం మొదలయ్యాక. మార్చినా మూడు వారాలకి పోతుంది, ఎందుకంటే మార్చకపోయినా మూడు వారాలకి పోయేదే. నింద మాత్రం చివరగా చేసిన పని మీద పడుతుంది. ఆస్పత్రిలో చేరిన మర్నాడే ముసలాయన పోతే డాక్టరే చంపాడన్నట్టు.

ఏ లక్షణమూ లేని బండికి ఆయిల్ దింపి పోయడం వల్ల ప్రమాదం చాలా తక్కువ. భయపడాల్సింది ఫ్లష్ యంత్రానికి. ఏళ్ళ తరబడి అడుగున పేరుకున్న మడ్డిని ప్రెషర్‌తో కదిలిస్తే అది వాల్వ్ బాడీలోని, అంటే గేర్లు మార్చడానికి ఆయిల్‌ని అటూ ఇటూ పంపే భాగంలోని, సన్నటి దారుల్లో ఇరుక్కోవచ్చు. ఆ 190 డాలర్ల పని వద్దు. హోండా పద్ధతి కూడా ఫ్లష్ కాదు: దింపు, కొత్తది పొయ్యి, కాసేపు నడుపు, మళ్ళీ దింపు, మొత్తం మూడుసార్లు.

మీ బండి గేర్‌బాక్స్‌లో మొత్తం ఆరున్నర లీటర్ల దాకా పడుతుంది, కింద బోల్ట్ విప్పితే రెండున్నర లీటర్లు దిగుతుంది, మిగతాది కన్వర్టర్‌లోనూ మూలమూలలా ఉండిపోతుంది. కాబట్టి ఒకసారికి 38 శాతం, రెండోసారికి 62, మూడోసారికి 77 శాతం కొత్తదవుతుంది. నీ బదులు నేనైతే మూడూ ఒకే రోజు చేయను. ఒకటి చేసి ఓ వారం నడిపి చూసి, ఏ తేడా లేకపోతే రెండోది చేస్తాను. పాత బండికి అలా మెల్లగా అలవాటు చేయడమే నయం.

రంగు చూసి భయపడకు. కొత్తది ఎర్రగా ఉంటుంది, వాడేకొద్దీ గోధుమరంగుకి తిరుగుతుంది, అది మామూలే. వాసన చూడు. మాడిన వాసన ఘాటుగా కొడితే వేరే కథ. రెండు వేళ్ళ మధ్య రుద్ది చూడు, ఇసకలా తగలకూడదు. లెవెల్ చూసే పద్ధతి కూడా హోండాకి వేరు: బండి బాగా వేడెక్కాక సమమైన చోట ఆపి, ఇంజన్ కట్టేసి, 60 నుంచి 90 సెకన్లలోపు చూడాలి. కొన్ని కంపెనీల బండ్లకి ఇంజన్ ఆన్‌లో ఉండగా చూడాలి, ఆ అలవాటుతో చూస్తే తప్పు లెవెల్ కనిపిస్తుంది. నీ రివర్స్ ఆలస్యం చల్లటి ఆయిల్ చిక్కగా ఉండటం వల్ల కావచ్చు, లెవెల్ తక్కువై కూడా కావచ్చు. అది ముందు చూడు. ఒక క్షణమైతే సరే, మూడు నాలుగు సెకన్లు ఆగుతోందంటే ఆయిల్ మాట పక్కనపెట్టి గేర్‌బాక్స్‌లు విప్పే మెకానిక్ దగ్గరికి వెళ్ళు.

ఆయిల్ హోండా డీడబ్ల్యు-1 పొయ్యి. పాత జెడ్-1 స్థానంలో హోండా వాళ్ళు తెచ్చిందే అది, మీ బండికి సరిపోతుంది. "అన్ని బండ్లకీ పనికొచ్చే" ఆయిల్ డబ్బా జోలికి పోకు.

బందరు బాబు:

కజిన్‌కి ఫోన్ చేశా. "అంతకుముందు రెండు నెలలుగా మూడో గేరులో జారేది, అందుకే ఫ్లష్ చేయించా" అన్నాడు. ఇన్నాళ్ళూ ఈ ముక్క ఎవరికీ చెప్పలేదు వెధవ. శాస్త్రి గారూ, ఒప్పుకుంటున్నా. కానీ నా బండికి మాత్రం నేను మార్పించను, నాకు ధైర్యం లేదు.

ఉప్పల్ టు గచ్చిబౌలి:

ఇది చదివి మన దగ్గర ఎవరైనా కంగారుపడి ఏదో ఒక ఎర్ర ఆయిల్ కొనేస్తారేమోనని రాస్తున్నా. శాస్త్రన్న చెప్పిందంతా టార్క్ కన్వర్టర్ ఉన్న పాత పద్ధతి ఆటోమేటిక్ సంగతి. హైదరాబాద్‌లో ఆటోమేటిక్ అని అమ్మే బండ్లు అన్నీ ఒకటి కాదు. ఏఎమ్‌టీ అయితే లోపల ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ తొక్కే పని మిషన్ చేస్తుంది, దాంట్లో పడేది గేర్ ఆయిల్. సీవీటీ అయితే గేర్లే ఉండవు, ఇనుప బెల్టు రెండు పుల్లీల మధ్య తిరుగుతుంది, దానికి ప్రత్యేకమైన ఆయిల్ ఉంటుంది. నాది హోండా సిటీ సీవీటీ, హోండా వాళ్ళ సీవీటీ ఆయిల్ హెచ్‌సీఎఫ్-2 తప్ప ఇంకోటి పోయనివ్వను. 1,10,000 కిలోమీటర్లకి రెండుసార్లు మార్పించా. రెండోసారి బయట గ్యారేజీలో పిల్లాడు మామూలు ఏటీఎఫ్ (పాత పద్ధతి ఆటోమేటిక్‌లో పోసే ఆయిల్) డబ్బా మూత తీస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపాల్సొచ్చింది. పక్కనే నిలబడి చూడండి, సిగ్గుపడకండి.

చారు అన్నం:

పక్కనే నిలబడమన్న మాటకి నాదో అనుభవం. ఇక్కడ ఓ చిన్న ఆయిల్ చేంజ్ షాపుకి వెళ్ళా, పేరెందుకులే. కొత్త కుర్రాడు ఇంజన్ ఆయిల్ బోల్ట్ అనుకుని గేర్‌బాక్స్ బోల్ట్ విప్పేశాడు. గేర్‌బాక్స్ ఆయిలంతా దింపి, ఉన్న ఇంజన్ ఆయిల్ మీద ఇంకో నాలుగున్నర క్వార్టులు (క్వార్టు అంటే లీటరుకి కాస్త తక్కువ) పోసి, స్టిక్కర్ అంటించి నవ్వుతూ పంపాడు. రెండు మైళ్ళు వెళ్ళానో లేదో వెనక తెల్లటి పొగ, యాక్సిలరేటర్ తొక్కితే బండి కదలదు, వెనక సీట్లో మా పాప ఏడుపు. టోయింగ్ బండిలో ఇంటికొచ్చాం. వాళ్ళు డబ్బు కట్టారు కానీ రెండు నెలలు తిప్పించుకున్నారు.

తమ్ముడూ, నువ్వే చేసుకుంటే ఇది గుర్తుపెట్టుకో. హోండాల్లో ఇంజన్ బోల్ట్‌కి 17 ఎంఎం పానా పడుతుంది. గేర్‌బాక్స్ బోల్ట్‌కి మధ్యలో చదరపు గుంట ఉంటుంది, మూడు బై ఎనిమిది అంగుళాల రాట్చెట్ సాకెట్ లేకుండా నేరుగా అందులో దూరుతుంది. అలా దూరిందంటే నువ్వు సరైన బోల్ట్ దగ్గరే ఉన్నట్టు.

ఖమ్మం కుర్రాడు (డాలస్):

ఆలస్యానికి క్షమించండి, రెండు వారాలైంది. అందరికీ థ్యాంక్స్, ముఖ్యంగా శాస్త్రి గారికి, చారు అన్నం అక్కకి.

ముందు లెవెల్ చూశా. కింది గీతకి కొంచెం కిందే ఉంది! ఇన్నేళ్ళలో ఎవరూ చూడలేదన్నమాట, నేను కూడా. వాసన మామూలుగానే ఉంది, మాడిన వాసన లేదు. దాంతో ధైర్యం వచ్చి డీడబ్ల్యు-1 మూడు క్వార్టులు, కొత్త వాషర్ కొన్నా, పొడుగు గరాటా మాత్రం పక్కింటాయన ఇచ్చాడు. బోల్ట్ పట్టుడు పట్టింది, రాట్చెట్‌కి పైపు తొడిగి లాగితే గానీ కదల్లేదు. దిగిన ఆయిల్ ఖాళీ పాల గాలన్‌లో పోసి కొలిచా, రెండు లీటర్లకి కాస్త పైన. రంగు చిక్కటి కాఫీ డికాక్షన్. బోల్ట్ చివర అయస్కాంతానికి బూడిదరంగు పేస్టు పట్టి ఉంది, కాటుకలా మెత్తగా. అది చూసి గుండె ఆగింది కానీ ఇనుప ముక్కలేమీ లేవు. అది మామూలేనా?

దిగిన దానికంటే కొంచెం ఎక్కువే పట్టింది, ముందే తక్కువ ఉంది కదా. వారం నడిపి నిన్న రెండోసారి దింపా, ఈసారి వచ్చింది టీ రంగులో ఉంది, అయస్కాంతం దాదాపు శుభ్రం. రివర్స్ ఇప్పుడు వెంటనే అందుకుంటోంది. రెండు నుంచి మూడో గేరుకి మారడం కూడా మెత్తగా అనిపిస్తోంది, అయితే డబ్బు ఖర్చుపెట్టాక అన్నీ మెత్తగానే అనిపిస్తాయి కదా.

స్పానర్ శాస్త్రి (డెట్రాయిట్ దగ్గర):

పేస్టు మామూలే, 1,72,000 మైళ్ళకి అది లేకపోతేనే అనుమానించాలి. గోరంత ముక్కలు, సూదుల్లాంటి తునకలు కనిపిస్తే అప్పుడు భయపడు. లెవెల్ తక్కువ ఉందన్నావు, ఆ ఆయిల్ ఎక్కడికో పోయింది కదా, రాత్రి పార్క్ చేసే చోట అట్టముక్క పరిచి పొద్దున చూడు. యాక్సిల్ గేర్‌బాక్స్‌లోకి దూరే చోట సీల్స్ ఈ వయసుకి చెమరుస్తుంటాయి. పాత ఆయిల్ డ్రైన్‌లో పోయకు, స్పేర్ పార్టుల షాపుల్లో చాలామంది ఉచితంగానే తీసుకుంటారు.

ఖమ్మం కుర్రాడు (డాలస్):

మూడు రాత్రులు అట్ట పరిచా. ఎడమ పక్క రూపాయి బిళ్ళంత మరక, ఎర్రగా. మీరు చెప్పినట్టు సీలే అనుకుంటా. గుడికి వెళ్ళేముందు లెవెల్ చూసుకుని ఒక క్వార్టు డిక్కీలో పెట్టుకుంటా, వచ్చాక సీల్ మార్పించి అప్పుడే మూడోసారి కూడా దింపించేస్తా. నాన్నకి మాత్రం ఈ మరక సంగతి చెప్పను.