ఛెత్రి తర్వాత మన గోల్ కొట్టేదెవరు?

ఫుట్‌బాల్ బాగా ఫాలో అయ్యేవాళ్లు ఈ డౌటు తీర్చండి. 2027 ఆసియా కప్‌కి క్వాలిఫయర్లలో గ్రూపులో మొదటి జట్టుకే చోటు. ఇండియా గ్రూపులో మనతో ఉన్నది హాంకాంగ్, సింగపూర్, బంగ్లాదేశ్. అయినా 2025 అక్టోబరులో, మడ్గావ్‌లో, ఛాంగ్టే దూరం నుంచి కొట్టిన గోల్‌తో ముందుండి కూడా సింగపూర్ చేతిలో 1-2తో ఓడి అవకాశం పోగొట్టుకున్నాం.

2024లో రిటైరైన మన స్ట్రైకర్ (గోల్స్ కొట్టే ఆటగాడు) సునీల్ ఛెత్రిని 40 ఏళ్ల వయసులో వెనక్కి పిలిచారంటేనే స్ట్రైకర్ల కరువు తెలుస్తోంది. ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) క్లబ్బులేమో ఆ స్థానంలో ఎక్కువగా విదేశీయులనే ఆడిస్తాయి. మరి క్లబ్బులో బెంచీ మీదుండే కుర్రాణ్ని కోచ్ ఏ లెక్కన ఎంచుకోవాలి?

ఇంకోటి, ఫ్రెండ్లీల్లో ఓడితే ఫిఫా ర్యాంకు పడి, వచ్చే డ్రాలో (ఎవరు ఏ గ్రూపో తేల్చే లాటరీలో) గట్టి జట్లు తగులుతాయి కదా. అలాగైతే కొత్తవాళ్లని పరీక్షించేదెప్పుడు?