సమస్యాపూరణం: ‘తాళమున్న యిల్లె తలుపు తెరచె’

నిర్వాహకుడు: ఈ వారం పూరించవలసిన పాదం ఇది.

తాళమున్న యిల్లె తలుపు తెరచె

ఆటవెలది నాలుగో పాదం. ఐదూ సూర్యగణాలే, యతిమైత్రి తా–త. విషయం ఫోన్లను నడిపే వ్యవస్థలు. ఐఫోనులోని ఐఓఎస్ తాళం వేసిన ఇల్లు, ఆండ్రాయిడ్ తలుపులు బార్లా తెరిచిన ఇల్లు అని ఏళ్ల తరబడి వాదించుకుంటూనే ఉన్నాం. ఆ వాదాన్ని కాస్త పద్యంలోకి తెండి. అన్యదేశ్యాలకు అభ్యంతరం లేదు. యాపును ‘అనువర్తనము’ చేసి గణాలు పాడుచేసుకోవద్దని మాత్రం మనవి. తిట్లకు వేరే చోటు చూసుకోండి.

మొదటి పూరణ, ఐఫోను అభిమాని నుంచి:

ఆపిలింట పరుల యంగళ్ళు వెలసెను
చట్టమొకటి వచ్చి చరచినంత
కట్టు గోడ నేడు గవినిగా మారెను
తాళమున్న యిల్లె తలుపు తెరచె

నిర్వాహకుడు: ధార బాగుంది. ‘ఆపిలింట పరుల యంగళ్ళు’ అనడంలో చమత్కారం ఉంది. 2008 జూలైలో యాప్ స్టోర్ తెరిచిన నాటి నుంచి ఐఫోనుకు అధికారికంగా అదొక్కటే అంగడిగా ఉండేది. ఐరోపా సమాఖ్య తెచ్చిన డిజిటల్ మార్కెట్ల చట్టం కారణంగా 2024 మార్చిలో ఐఓఎస్ 17.4తో అక్కడ వేరే అంగళ్ళకు చోటు దొరికింది. ఆ సమాఖ్య బయట ఉన్న చాలామందికి ఆ నవీకరణతో అలాంటి తలుపు ఏదీ తెరుచుకోలేదు. మూడో పాదంలో ‘నేడు’కు బదులు ‘కొంత’ అంటే గణం చెడదు, మాటా నిజమవుతుంది.

అదే సభ్యుడు: సవరణ శిరోధార్యం. కానీ ‘కొంత’ అనగానే పద్యంలోని ఊపు పోయింది గురువుగారూ!

నిర్వాహకుడు: ఊపు కంపెనీ ప్రకటనల్లో ఎలాగూ ఉంటుంది.

రెండో పూరణ, సయనోజెన్‌మాడ్ అనే పాత ఆండ్రాయిడ్ రూపాంతరం కాలం నుంచి ఫోన్లలో రకరకాల రోమ్‌లు (ఫోనుతో వచ్చినదానికి బదులు ఎక్కించుకునే వ్యవస్థలు) ఎక్కించుకుంటూ వచ్చిన సోదరి నుంచి:

తాళమూడదీసి తంటాలు పడితిని
బ్యాంకు యాపు నన్ను బైట నిలిపె
మరల బిగియగొట్ట మన్నించి పిలిచెను
తాళమున్న యిల్లె తలుపు తెరచె

నిర్వాహకుడు: అమ్మా, అద్భుతం! సమస్యలోని వైరుధ్యాన్ని విడగొట్టకుండానే నిజం చేశారు. ‘బ్యాంకు–బైట’ యతి అడగకుండా వచ్చి కూర్చుంది. తెలియనివారి కోసం నాలుగు మాటలు చెబుతాను. ఫోను మేలుకోగానే ముందు నడిచే చిన్న ప్రోగ్రాము బూట్‌లోడరు. తన తరువాత నడవబోయే వ్యవస్థ మీద ఉన్న సంతకం సరైనదో కాదో అది పరీక్షిస్తుంది. దాని తాళం తీస్తే లినేజ్‌ఓఎస్ వంటి వేరే వ్యవస్థలు ఎక్కించుకోవచ్చు. తీసేటప్పుడు ఫోనులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. దొంగ చేతిలో పడ్డ ఫోను తాళం తీసినా మన ఫొటోలు, ఉత్తరాలు వాడికి దక్కకూడదన్నదే ఆ ఏర్పాటు. ఇంత చేశాక బ్యాంకు యాపు గూగుల్ వారి ప్లే ఇంటెగ్రిటీ అనే తనిఖీ సేవను అడుగుతుంది: ఈ ఫోను నమ్మదగినదేనా అని. తాళం తీసి ఉంటే జవాబు ప్రతికూలంగా వస్తుంది. యజమాని తానే తీశాడా, దొంగ తీశాడా అన్న విచారణ అక్కడ ఉండదు.

ఒక సభ్యుడు: మూడో పాదంలో చిన్న సందేహం. గూగుల్ వారి పిక్సెల్ ఫోనులో గ్రాఫీన్‌ఓఎస్ అనే వేరే వ్యవస్థ ఎక్కించి బూట్‌లోడరుకు మళ్లీ తాళం వేసుకోవచ్చు. అప్పుడు సంతకం గ్రాఫీన్ వారిది. తాళం గట్టిగానే ఉంటుంది. అయినా కొన్ని బ్యాంకుల యాపులు ఒప్పుకోవు. మరి ‘మన్నించి పిలిచెను’ అన్నది చెల్లుతుందా?

సోదరి: నేను బిగించింది ఫోనుతో వచ్చిన మొదటి వ్యవస్థను తిరిగి ఎక్కించి. మీరు చెప్పిన పద్ధతిలో తాళం ఉన్నా చెవి వేరొకరిది. బ్యాంకు చూసేది తాళాన్ని మాత్రమే కాదు, చెవి ఎవరి మొలలో ఉందో కూడా చూస్తుంది. అది చెప్పడానికి ఇంకో ఆటవెలది కావాలి.

నిర్వాహకుడు: రాయండి, ఎదురుచూస్తాం. ఫోను ఎంచుకునేటప్పుడు ఔత్సాహికుడు మొదట అడగవలసిన ప్రశ్న కూడా ఆ చెవి ఎవరిదన్నదేనని నా అభిప్రాయం. కెమెరా, రంగులు, ఐకాన్ల అమరిక తరువాత. ఐఓఎస్‌లో తాళం ఎలాగూ ఉంటుంది, చెవి మనకు ఇవ్వరు. ఆండ్రాయిడ్‌లో కొందరు తయారీదారులు ఇస్తారు, కొందరు ఇవ్వరు. ఇచ్చినవారు కూడా ‘తీస్తే మీ పూచీ’ అంటారు.

మూడో పూరణ:

ఫోనులోన చచ్చి పోయిన పిదప తా
గోడమీది టీవి గూడు చేరె
మూలమైన కోడు ముంగిట పరచెను
తాళమున్న యిల్లె తలుపు తెరచె

నిర్వాహకుడు: ఇది వెబ్‌ఓఎస్ అనే పాత ఫోన్ల వ్యవస్థ కథ అని పోల్చుకోవడానికి నాకు కొంచెం సమయం పట్టింది. పేరు చెప్పకుండా పొడుపుకథలా నడిపారు. పామ్ ప్రీ ఫోనుతో 2009లో వచ్చింది. 2011 ఆగస్టులో, పామ్‌ను కొనుక్కున్న హెచ్‌పీ ఆ పరికరాలకు స్వస్తి చెప్పింది. తరువాత కోడు బయటపెట్టారు. 2013లో ఎల్‌జీ కొనుక్కుని టీవీల్లోకి తీసుకుపోయింది. అంటే ముంగిట పరచడం ముందు, గోడ ఎక్కడం తరువాత. మీ పద్యంలో వరుస తలకిందులైంది. ఒకటి, మూడు పాదాలను తారుమారు చేసి చదవండి:

మూలమైన కోడు ముంగిట పరచెను
గోడమీది టీవి గూడు చేరె
ఫోనులోన చచ్చి పోయిన పిదప తా
తాళమున్న యిల్లె తలుపు తెరచె

ఒక్క అక్షరం మార్చనక్కరలేదు. చరిత్రా కుదిరింది, అన్వయమూ కుదిరింది.

ఒక సభ్యుడు: చనిపోయిన వ్యవస్థల మీద ఇంత ప్రేమ ఎందుకండీ? కొనబోయే ఫోను గురించి కదా చర్చ?

పూరణకర్త: కార్డులను పైకి తోసి యాపులు మూసే పద్ధతిని రెండు శిబిరాల వాళ్లూ ఇప్పుడు తమదిగా చెప్పుకుంటున్నారు. అది వెబ్‌ఓఎస్‌లో ముందే ఉంది. అందుకు.

నాలుగో పూరణ:

పచ్చ బుడగలోని బాధలు తీరెను
ఆర్సియెస్సు వచ్చినంతలోన
వీడియోలు మసక తొలగి తేటపడెను
తాళమున్న యిల్లె తలుపు తెరచె

నిర్వాహకుడు: మూడో పాదంలో యతిభంగం. ‘వీ’కి ‘తొ’ కుదరదు. ‘మసక వీడి తేటపడెను’ అనండి, సరిపోతుంది. 2024 సెప్టెంబరులో ఐఓఎస్ 18తో ఐఫోను, ఆండ్రాయిడ్‌ల మధ్య ఆర్‌సీఎస్ (ఎస్సెమ్మెస్ తరువాతి తరం పద్ధతి) సందేశాలు మొదలైన మాట నిజం. కానీ ఐఫోనులో ఆండ్రాయిడ్ వారితో నడిచే సందేశాల బుడగ పచ్చగానే ఉంది కదా! ‘బాధలు’ అంటే అన్నీ తీరినట్టు ధ్వనిస్తోంది.

పూరణకర్త: రంగు బాధ తీర్చడం నా తరమా? పంపిన వీడియోలో మనిషి ముఖం కనబడుతోంది. నాకు అది చాలు.

నిర్వాహకుడు: నా ప్రయత్నం కూడా ఒకటి:

తెరచి యున్న యిల్లు తిరిగి బీగము వేసె
పేరు చెప్పు మనుచు బెట్టు చేసె
పొరుగు వారి తీరు పూర్తిగా మారెను
తాళమున్న యిల్లె తలుపు తెరచె

ధ్రువీకరించుకోని డెవలపర్ల యాపులను గూగుల్ ధ్రువపత్రం ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎక్కించనివ్వబోమని 2025 ఆగస్టులో గూగుల్ ప్రకటించింది. 2026 సెప్టెంబరులో బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయిలాండ్‌లతో మొదలుపెడతామని అందులో చెప్పింది. మొదటి రెండు పాదాలు ఆ ప్రకటనకు.

సోదరి: ‘తెరచి యున్న యిల్లు’ అనడం నాకు ఒప్పుదల కాదు. ఆండ్రాయిడ్ మూలం కోడు అందరిదీ, నిజమే. నోటిఫికేషన్లు, మ్యాపులు, చెల్లింపులు మోసే ప్లే సర్వీసెస్ కోడు మాత్రం గూగుల్‌దే. వరండా తెరిచి ఉంది, వంటగదికి మొదటి నుంచీ తాళమే.

నిర్వాహకుడు: ఆ వరండాలోనే ఇన్నేళ్లు ఎన్ని రోమ్‌లు కాచుకున్నారో మరిచిపోతే ఎలాగమ్మా? ‘తెరచి’ ఉంచుతున్నాను.

సోదరి: ఉంచుకోండి. నా రెండో పద్యం మీ మొదటి పాదానికి జవాబుగానే వస్తుంది.

నిర్వాహకుడు: దానికి చోటు ఖాళీగా ఉంచాను. వచ్చే వారం సమస్య, ఇదీ ఆటవెలదే:

చచ్చినట్టి ఫోను సాక్ష్యమిచ్చె